తేదీ ముద్ర లేని ఉత్తరాలు

(కావలిలో గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక రిటైర్డ్ తపాలా ఉద్యోగి చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది, మాట్లాడిన తీరు పెద్దగా మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకొచ్చి కుర్చీల్లో కూర్చోండబ్బా, నేను ప్రశ్నలడిగే రకం కాదు.

నన్ను వాట్సాప్ పుకార్ల మీద మాట్లాడమన్నారు. ఫోన్ల సంగతి నాకంటే ఈ కాలేజీ పిల్లలకే బాగా తెలుసు. నాకు తెలిసిందల్లా ఉత్తరాలు, సార్టింగ్ బల్ల దగ్గరే జుట్టు నెరిసిన మనిషిని. అయితే ఒకటి చెప్తా. ఇవాళ మీ ఫోన్లలో తిరిగే సరుకులో కొత్తదేమీ లేదు, అదంతా పదిహేను పైసల కార్డు మీద మేం ముందే చూసేశాం.

ఇక్కడున్న పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. కార్డు నాలుగు మూలలా పసుపు పూసి ఉంటుంది. ఎవరింట్లోనో శుభకార్యం అనుకుని ఇంటావిడ ఆత్రంగా అందుకుంటుంది. తీరా చదివితే, ఫలానా గుడిలో పూజారికి పాము కనపడి మనిషి గొంతుతో మాట్లాడిందని, ఈ సంగతి ఇరవై మందికి రాసినవాడికి పది రోజుల్లో లంకెబిందె దొరికిందని, అబద్ధమని చింపేసినవాడి కొడుకు పోయాడని ఉంటుంది. దేవుడి పేరు మారేది. ఒకసారి తిరుమల వెంకన్న, ఒకసారి సంతోషిమాత, ఒకసారి షిర్డీ బాబా. పాము, పూజారి, లంకెబిందె, చచ్చిపోయిన కొడుకు, వీళ్ళు మాత్రం మారరు. కాస్త కలిగినవాళ్ళకైతే వెయ్యి కరపత్రాలు అచ్చు వేయించి పంచమని ఉండేది, ప్రెస్సుల వాళ్ళకు అదొక గిరాకీ.

కొందరు ఇంకా తెలివైనవాళ్ళు. ఇరవై కార్డులు కొనడం దండగని కవర్లో పెట్టి, స్టాంపు బిళ్ళ అంటించకుండా డబ్బాలో పడేసేవాళ్ళు. బిళ్ళ లేని ఉత్తరం బేరింగు పడుతుంది, అంటే అందుకునేవాడు రెట్టింపు కట్టి విడిపించుకోవాలి. ఎవరు రాశారో ఏమో, ముఖ్యమైన ఉత్తరమేమోనని డబ్బులు కట్టి, విప్పి చూస్తే శాపం! (నవ్వులు) మీరు నవ్వుతున్నారు గానీ, చదువురాని అవ్వల సంగతి చూస్తే నవ్వు రాదు. కార్డు పోస్ట్‌మ్యాన్ చేతే చదివించుకునేది, చదివి ముగించే లోపల ముఖం పాలిపోయేది, మనవడికి అసలే జ్వరం, ఆ ఇరవై కార్డులూ నువ్వే రాసిపెట్టు నాయనా అని కొంగు ముడి విప్పి చిల్లర తీసేది. ఎవరో ఊసుపోక రాసిన నాలుగు ముక్కలకు ఆ ముసలమ్మ కూలి డబ్బులు పోయేవి.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక్కడు మొదలుపెట్టాడు, అందరూ భయపడి తలా ఇరవై మందికి రాశారనుకుందాం. ఇరవై, నాలుగు వందలు, ఎనిమిది వేలు, లక్షా అరవై వేలు, 32 లక్షలు, 6 కోట్ల 40 లక్షలు. ఏడో మెట్టుకు 128 కోట్లు. ఇంచుమించు దేశంలో పాలు తాగే పిల్లలతో సహా అందరికీ ఒక్కో కార్డు. ఎనిమిదో మెట్టుకు 2560 కోట్లు, భూమ్మీద మనుషులు చాలరు. రాయకపోతే కీడు జరుగుతుందన్నది నిజమైతే ఆ మెట్టు దగ్గర అందరం ఒకేసారి పోవాలి. ఇంకా ఇక్కడ కూర్చునే ఉన్నామంటే మధ్యలో ఎవరో చింపేశారనేగా? చింపినవాళ్ళు హాయిగానే ఉన్నారు. కానీ చింపినవాడు 'నాకేం కాలేదు' అని ఇంకో ఇరవై మందికి కార్డు రాయడు కదా. ఆ ఉత్తరం ఎప్పటికీ రాదు. మనకు అందేదంతా భయపడ్డవాళ్ళు రాసిందే.

ఇది మనవాళ్ళ మూఢనమ్మకమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 1935లో అమెరికాలో డెన్వర్ అనే ఊళ్ళో ఒక గొలుసు ఉత్తరం బయలుదేరింది. అందులో దేవుడు లేడు, పాము లేదు, డబ్బు ఒక్కటే. ఆరుగురి పేర్లు ఉంటాయి, పైన ఉన్నవాడికి పది సెంట్లు పంపి, వాడి పేరు కొట్టేసి, కింద నీ పేరు రాసి, అయిదుగురికి పంపాలి. నీ పేరు పైకెక్కేసరికి 15,625 మంది నీకు తలా పది సెంట్లు పంపుతారు, 1,562 డాలర్ల 50 సెంట్లు వస్తాయని ఆశ. ఊరంతా రాసింది, అక్కడి తపాలా కార్యాలయం ఉత్తరాల కింద మునిగిపోయింది. మా శాఖవాళ్ళు ఏ దేశంలో అయినా పడే పాట్లు ఒకటే. మన దగ్గర ఇట్లాంటి డబ్బు గొలుసులను ఆపడానికే 1978లో కేంద్రం చట్టం చేసింది. చట్టం ఉంది, గొలుసులూ ఉన్నాయి, 'నువ్వు ఇద్దరిని చేర్పించు, వాళ్ళు తలా ఇద్దరిని చేర్పిస్తారు' అని టై కట్టుకుని చెప్తున్నారు, అంతే తేడా.

తర్వాత ఈమెయిలు వచ్చింది. బిల్ గేట్స్ తన డబ్బు పంచుతున్నాడు, ఈ మెయిలు ఎంతమందికి పంపితే అన్ని డాలర్లు అన్నది 1997లో మొదలైంది. అంతకు ముందు, 1994లో, 'గుడ్ టైమ్స్' అనే పేరుతో మెయిలు వస్తే తెరవొద్దు, తెరిస్తే కంప్యూటరు నాశనమైపోతుందని ఒక హెచ్చరిక ప్రపంచమంతా తిరిగింది. అట్లాంటి వైరస్ లేనే లేదు. హెచ్చరికే వైరస్ లాగా పాకింది. 2001, 2002ల్లో ఇంకో రెండు వచ్చాయి, కంప్యూటర్లో ఫలానా పేరుతో ఫైలు ఉందేమో వెతుకు, ఉంటే వైరసే, తీసెయ్యి అని. వెతికితే అందరి కంప్యూటర్లోనూ ఉండేది, ఎందుకంటే అది విండోస్ తోనే వచ్చే ఫైలు. జనం తమ చేత్తో తామే తీసేసుకుని, పదిమందికి చెప్పి వాళ్ళ చేతా తీయించారు.

వీటిలో నాకు బాగా నచ్చింది కుజుడిది. ఆగస్టు 27న కుజుడు చంద్రుడంత కనపడతాడు, ఆకాశంలో ఇద్దరు చంద్రులు, ఈ జన్మలో మళ్ళీ చూడలేరు అని ప్రతి ఏడూ వస్తుంది, మీరూ చూసే ఉంటారు. ఇది శుద్ధ అబద్ధంగా పుట్టలేదు, అదీ అందులో విశేషం. 2003లో ఆ తేదీన కుజుడు నిజంగానే దాదాపు అరవై వేల ఏళ్ళలో ఎన్నడూ రానంత దగ్గరికొచ్చాడు, 5 కోట్ల 57 లక్షల కిలోమీటర్లకు. అప్పుడు తిరిగిన మెయిల్లో ఏముందంటే, టెలిస్కోపులో 75 రెట్లు పెంచి చూస్తే, మామూలు కంటికి పున్నమి చంద్రుడు ఎంత కనపడతాడో కుజుడు అంత కనపడతాడని. ఇది లెక్క ప్రకారం సరిగ్గా ఉంది. కుజుడి అడ్డుకొలత చంద్రుడికి ఇంచుమించు రెండింతలు, దూరం మాత్రం చంద్రుడికంటే 145 రెట్లు. రెండింతలు పెద్దది, 145 రెట్లు దూరం, అంటే చూపుకు డెబ్బయ్యో వంతు, కాస్త అటూ ఇటూ. అందుకే ఆ 75. చేతులు మారుతూ మారుతూ ఆ '75 రెట్లు పెంచి చూస్తే' అన్న ముక్క రాలిపోయింది. ఆ తర్వాత 2003 అన్న ముక్క కూడా రాలిపోయింది. మిగిలిందే ఇప్పుడు ఏటేటా మన మిద్దెల మీదికి వస్తోంది.

నేను చెప్పదల్చుకున్నది ఇక్కడే ఉంది. మా ఆఫీసులో ఏ ఉత్తరమైనా బల్ల మీదికి రాగానే మొదటి పని తేదీ ముద్ర కొట్టడం. ఏ ఊళ్ళో డబ్బాలో పడింది, ఏ రోజు పడింది అనేది ఆ నల్ల గుండ్రం చెప్తుంది. రాసినవాడు లోపల ఎన్ని కబుర్లైనా చెప్పనీ, ముద్ర మాత్రం మేం కొట్టిందే. ఆలస్యమైందని గొడవొస్తే ముద్ర చూసేవాళ్ళు, కోర్టులో కూడా ముద్ర చూసేవాళ్ళు. ఫార్వర్డుకు ఆ ముద్ర ఉండదు. మీ చెల్లెలు పంపిందనో, సారు పంపారనో మీకు కనపడుతుంది, కానీ అది వాళ్ళు రాసింది కాదు, వాళ్ళ చేతి మీదుగా వచ్చిందంతే. చెల్లెలు మంచిది కాబట్టి అందులోని వార్త నిజం కానక్కర్లేదు. అందుకే ఏదొచ్చినా నేను వెతికేది ఆ గుండ్రం కోసమే. ఏ ఊళ్ళో, ఏ తేదీన, ఎవరు. 'నిన్న రాత్రి మన పక్క ఊళ్ళో' అని ఉందనుకోండి, నిన్న అంటే ఏ నిన్న? పక్క ఊరంటే ఎవరి పక్క ఊరు? అది కావల్లో చదివినా కనిగిరిలో చదివినా పక్క ఊరే అవుతుంది. అట్లా రాయడం పొరపాటు కాదు, ఎక్కడైనా చెల్లేట్టు రాశారన్నమాట.

దీనికి మనుషుల ప్రాణాలే పోయాయి. 2018 మే నెలలో మన నెల్లూరు, చిత్తూరు వైపంతా పార్థీ గ్యాంగ్ అనే దొంగల ముఠా దిగిందని, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని వాట్సాప్‌లో ఒకటే గోల, కొత్త మనిషి కనపడితే అనుమానమే. పొట్ట చేత పట్టుకుని వచ్చిన హిందీ కూలీలు, బిచ్చమెత్తుకునేవాళ్ళు, మతి స్థిమితం లేనివాళ్ళు, ఎవరికీ సమాధానం చెప్పుకోలేనివాళ్ళే దొరుకుతారు ఇట్లాంటప్పుడు. ఆ ఏడు జూలై 1న మహారాష్ట్రలో ధూలే జిల్లాలో భిక్షకు తిరిగే అయిదుగురిని గుంపు కొట్టి చంపేసింది. అదే నెల బీదర్ జిల్లాలో, హైదరాబాదు నుంచి కారులో వెళ్ళిన కుర్రాళ్ళు పిల్లలకు చాక్లెట్లు పంచారని వెంటపడి కొడితే, ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి చనిపోయాడు. ఈ గోలకంతా ముఖ్యంగా తిరిగిన వీడియో ఒకటుంది, మోటారు సైకిలు మీద ఇద్దరొచ్చి ఆడుకుంటున్న పిల్లాణ్ణి ఎత్తుకుపోతారు. అది ఎక్కడిదో తెలుసా? పాకిస్తాన్‌లో కరాచీలో, పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోండని తల్లిదండ్రులకు చెప్పడానికి తీసిన ప్రచార వీడియో. అసలు దాంట్లో చివర ఆ పిల్లాణ్ణి తెచ్చి దించేసి అట్ట మీద రాసిన సందేశం చూపిస్తారు. ఎవరో ఆ చివరి ముక్క కోసేశారు. కుజుడి విషయంలో ముక్క దానంతటదే రాలింది, ఇక్కడ కత్తెర పెట్టి కోశారు. ఆ తర్వాతే వాట్సాప్ వాళ్ళు మన దేశంలో ఒకసారికి అయిదు చోట్లకే ఫార్వర్డు చేసేట్టు కట్టడి పెట్టారు, 2019లో, బాగా తిరిగిన మెసేజీకి రెండు బాణాల గుర్తు వేశారు, 2020లో దాన్ని ఒకసారికి ఒక్కచోటికే అన్నారు. ఆ రెండు బాణాలు కనపడ్డాయంటే అది చాలా చేతులు మారిందని అర్థం. చాలామంది దాన్ని గొప్ప గుర్తుగా అనుకుంటున్నారు, 'చూడండి సార్, అందరూ పంపుతున్నారు' అని. కాదు నాయనా, అది జాగ్రత్త అని చెప్పడానికి పెట్టింది.

కృష్ణపట్నం సంగతి ఎత్తకుండా మన జిల్లాలో ఈ మాట్లాడటం పూర్తి కాదు. 2021 మే నెల. ఆనందయ్య కరోనాకని ఇచ్చిన ఆ మందు మంచిదా కాదా అనే జోలికి నేను పోను, పోతే ఈ హాల్లోనే రెండు పార్టీలవుతాయి. అప్పటి పరిస్థితి ఏంటి, ఆస్పత్రుల్లో బెడ్లు లేవు, ఆక్సిజన్ లేదు, మనిషి దేన్నైనా పట్టుకుంటాడు, వాళ్ళను తప్పుపట్టే అర్హత నాకు లేదు. నేను మాట్లాడేది వీడియో గురించి. కంట్లో చుక్కలు వేస్తే లేచి కూర్చున్నానని ఒక పెద్దాయన చెప్పిన వీడియో రాష్ట్రాలు దాటిపోయింది, వేలకు వేలమంది ముత్తుకూరు రోడ్డు పట్టారు. ఆ పెద్దాయన కొద్ది రోజులకే ఆస్పత్రిలో పోయారు. ఈ రెండో వార్త మీలో ఎంతమంది ఫోన్లకు వచ్చింది? చేతులెత్తండి... చూశారా. మే నెలాఖర్లో ప్రభుత్వం మందు పంపిణీకి అనుమతి ఇచ్చింది, కంటి చుక్కలకు మాత్రం ఇవ్వలేదు. హాని కనపడలేదని పరీక్ష చేసినవాళ్ళు అన్నారు. హాని లేదనడం వేరు, కరోనా తగ్గిస్తుందనడం వేరు. వాట్సాప్‌లో ఆ రెండూ కలిసిపోయి 'ప్రభుత్వమే ఒప్పుకుంది' అయిపోయింది.

నవ్వుకోవడానికి ఒకటి. 2016లో కొత్త రెండు వేల నోటులో చిప్ ఉందని, భూమిలో పాతిపెట్టినా శాటిలైటుకు తెలిసిపోతుందని చెప్పారు కదా, టీవీల్లో కూడా. జీపీఎస్ పరికరం శాటిలైటు సంకేతాన్ని అందుకుంటుందే గానీ తిరిగి ఏమీ చెప్పదు, అందుకోవడానికైనా కరెంటు కావాలి, కాగితంలో బ్యాటరీ ఎక్కడ పెడతారు? సరే, అదంతా వదిలేయండి. 2023 మే 19న ఆ నోట్లు వెనక్కి తీసుకుంటున్నామని రిజర్వు బ్యాంకు ప్రకటించింది. చిప్ ఉంటే ఎవరింట్లో ఎన్నున్నాయో చూసుకుని వాళ్ళే వచ్చేవాళ్ళు, మనల్ని బ్యాంకుకు తెచ్చివ్వమని ఎందుకంటారు?

భయం, ఆశ, వీటిని కనిపెట్టడం అంత కష్టం కాదు. కష్టమంతా జాలితో వచ్చేవాటితోనే. ఇంగ్లండులో క్రెయిగ్ షెర్గోల్డ్ అనే పిల్లాడికి మెదడులో కణితి. 1989లో, ఎక్కువ గ్రీటింగు కార్డులు అందుకున్నవాడిగా గిన్నిస్ రికార్డు కొట్టాలని వాడి కోరిక, కార్డులు పంపండి అని గొలుసు ఉత్తరం బయలుదేరింది. ఇది నిజం, పిల్లాడు నిజం, జబ్బు నిజం. మరుసటి ఏడాదే కోటిన్నర దాటాయి, రికార్డు వచ్చేసింది. 1991లో అమెరికాలో ఆపరేషన్ చేసి కణితి తీశారు, పిల్లాడు కోలుకున్నాడు. ఇక చాలు, పంపొద్దు మహాప్రభో అని మొత్తుకున్నా కార్డులు ఆగలేదు, ఏళ్ళ తరబడి కోట్లలో వస్తూనే ఉన్నాయి. ఆ సంచులు మోసినవాళ్ళను తల్చుకుంటే నాకు నడుం నొప్పి వస్తుంది. పిల్లాడు పెద్దవాడై 2020 దాకా బతికాడు.

ఇప్పుడు మన గ్రూపుల్లో రక్తం కావాలని వచ్చే మెసేజీలు చూడండి. 'అర్జెంటు, బి నెగెటివ్, ఫలానా ఆస్పత్రి' అని ఉంటుంది, తేదీ ఉండదు. ఎప్పటిదో. ఆ పేషెంటు కోలుకుని ఇంటికెళ్ళి ఉండొచ్చు, లేదా పోయి ఉండొచ్చు, ఆ నంబరు వాళ్ళ కొడుకుదే అనుకోండి, ఏడాది తిరిగాక కూడా రోజూ ఎవరో ఒకరు ఫోన్ చేసి 'మీ నాన్నకు రక్తం దొరికిందా' అని అడుగుతుంటే ఆ మనిషికెట్లా ఉంటుంది? పంపేముందు ఆ నంబరుకు మీరే ఒక్క ఫోన్ చేయండి. ఇంకా అవసరముందంటే ఆ రోజు తేదీ వేసి, నేను మాట్లాడాను అని మీ పేరు రాసి పంపండి. ఇదేమీ పెద్ద పని కాదు, కానీ నేను చెప్పినవాళ్ళలో సగం మంది కూడా చేయరు. ఫార్వర్డు నొక్కితే పుణ్యం వచ్చేసినట్టే అనిపిస్తుంది, ఫోన్ చేయాలంటే బద్ధకం.

మనది సముద్రం ఒడ్డు, అందుకని ఇదీ చెప్పాలి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. నాలుగు రోజులకు, 30న, మళ్ళీ వస్తోందని హెచ్చరిక. వాట్సాప్ లేదప్పుడు, కేంద్ర హోం శాఖే చెప్పింది, ఎక్కడో అమెరికాలో ఒక ప్రైవేటు సంస్థ భూకంపం వస్తుందని ముందే అంచనా వేసిందట, అది పట్టుకుని. తీరంలో జనం పిల్లాజెల్లాతో పరుగెత్తారు. అంతా ఉత్తదేనని అదే రోజు సైన్సు మంత్రి కొట్టిపారేశారు. భూకంపం ఫలానా రోజు ఫలానా గంటకు వస్తుందని చెప్పగలిగినవాడు ప్రపంచంలో ఇప్పటికీ లేడు. వచ్చాక, దాని వల్ల సునామీ పుట్టిందా అని చెప్పగలరు, 2007 నుంచి హైదరాబాదులో ఇన్‌కాయిస్ కేంద్రం ఆ పనే చేస్తోంది. తుపానుకు వాతావరణ శాఖ ఉంది. రేపు పెన్నకు నీళ్ళొచ్చినప్పుడు సోమశిల తెగిందని ఎవరైనా వీడియో పంపితే, 78 టీఎంసీల డ్యాము తెగడమంటే అది ఒక్క వీడియోతో పోయే సంగతి కాదు, కలెక్టరు ఆఫీసుకు, ఇరిగేషన్ వాళ్ళకు తెలియకుండా మీ తోడల్లుడికి ముందు తెలియదు. జువ్వలదిన్నె వైపు నుంచి వచ్చినవాళ్ళు ఉంటే మీ ఊళ్ళో కూడా చెప్పండి, అట్లా అని నిజమైన హెచ్చరిక వచ్చినప్పుడు 'ఇదీ పుకారే' అని కూర్చోవద్దు. ఎవరు చెప్పారో చూసి కదలండి.

ఇంకొక్క మాట, ఇది పెన్షనర్లకు. కొన్నాళ్ళుగా పెళ్ళి పత్రిక అని, పీఎం కిసాన్ అని, ట్రాఫిక్ చలానా అని ఒక ఫైలు వస్తోంది, పేరు చివర ఏపీకే అని ఉంటుంది. పెళ్ళి పత్రిక ఫోటోగానో పీడీఎఫ్‌గానో వస్తుందిగానీ యాప్‌గా రాదు. నొక్కి ఇన్‌స్టాల్ చేశారంటే ఓటీపీలు వాడి చేతికి పోతాయి. పోయిందని తెలిసిన మరుక్షణం 1930కి ఫోన్ చేయండి, సిగ్గుపడి రెండు రోజులు దాచుకున్నారంటే డబ్బు చేతులు మారిపోతుంది.

ఏమ్మా, చెయ్యెత్తావు? ... ఆ, ఇంట్లో పెద్దవాళ్ళు పంపితే ఎట్లా చెప్పాలని. గ్రూపులో చెప్పొద్దమ్మా. 'మామయ్యా ఇది ఫేక్' అని అందరి ముందూ పెట్టావంటే ఆయన అబద్ధాన్ని వదిలేసి తన పరువును పట్టుకుంటాడు, అక్కణ్ణుంచి దాన్ని నిజం చేయడానికి ఇంకో పది పంపుతాడు. విడిగా ఫోన్ చెయ్యి, బాగున్నావా అని అడుగు, ఆ మాటా ఈ మాటా అయ్యాక ఇది ఎక్కడిది మామయ్యా, ఎప్పటిది అని అడుగు. తెలియదంటాడు. అక్కడితో వదిలెయ్యి. రెండోసారి ఆయనే ఆగుతాడు, ఆగకపోతే మూడోసారి ఆగుతాడు, కొందరు ఎప్పటికీ ఆగరు, అట్లాంటివాళ్ళు మా ఇంట్లోనూ ఉన్నారు. (నవ్వులు)

నువ్వేంది అబ్బయ్యా? ... పది రూపాయల నాణెమా. మీ వీధి కొట్టాయన ఇప్పటికీ తీసుకోడా? రూపాయి గుర్తు లేదంటాడు, గీతలు పదిహేనున్నాయి పది లేవంటాడు, అంతేనా? రూపాయి గుర్తు వచ్చిందే 2010లో, అంతకు ముందు అచ్చయిన నాణెం మీద ఎట్లా ఉంటుంది? 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు పద్నాలుగు రకాల డిజైన్లు వచ్చాయి, అన్నీ చెల్లుతాయి అని ప్రకటన ఇచ్చింది. అది వాళ్ళ వెబ్‌సైటులో తేదీతో సహా ఉంటుంది, లైబ్రరీలో ప్రింటు తీయించుకుని ఆయనకివ్వు. తీసుకుంటాడని నేను హామీ ఇవ్వలేను. పోయిన వారం నా దగ్గరా తీసుకోలేదు.